కొండలమీది రైలు ప్రయాణము



దసరా సెలవులలో మేము విశాఖపట్టణమునుండి అరకులోయకు రైలులో పోయి వచ్చితిమి. కొండలలో కాపురముండువారు కొండలను చూడబోవుట యేమని మీరు నవ్వవచ్చును. మా కొయ్యూరును మన్యపుటూరే. వాకిట నిలిచిన నలుదిక్కుల కొండలే కానవచ్చును. అయినను మాకు రైలు లేదు. కృష్ణదేవిపేట మీదుగా నర్సీపట్నమునకు బస్సులో దిగి, అక్కడనుండి మైదానమునకు పోయినగాని రైలుకూత వినబడదు.

ప్రయాణము నిశ్చయమైన నాడే ఇంట నొక చిక్కు పుట్టినది. మా అత్తగారి కన్నులకు శుక్లములు ముదిరి, వెలుగునీడలు తప్ప మరేమియు తెలియుట లేదు. శస్త్రచికిత్సకు వైద్యులు కార్తికమాసమున దినము నిర్ణయించిరి. “కన్నులు బాగుపడిన పిమ్మట మిమ్ము తీసికొనిపోయెదము, ఇప్పుడు ఇంటనే యుండుడు” అని మేమంటిమి. ఆ మాటలో సగము ఆమె మేలు, సగము మా సౌకర్యము. ఆమె కొంతసేపు ఊరకుండి, “కన్నులు వచ్చునో రావో! చూడలేకున్న నాకు గాలియైనను తగులదా? నీవు భారతము చదివినదానవు గదా, సంజయునివలె నాకు చెప్పరాదా?” అనిరి. మా వారు నవ్వి నాలుగు టిక్కెట్లు తీసిరి. అద్దాల పెట్టెలో చోటు దొరకలేదు. కిటికీ తెరచుకొను మామూలు పెట్టెయే అత్తగారికి మేలైనది.

ఈ దారి కథ కొంత చెప్పవలెను. కొత్తవలసనుండి కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్ల ఈ మార్గమును 1960వ దశాబ్దమున వేసిరి. బస్తరు సీమలోని బైలదిల్లా కొండలలో మేలైన ఇనుపరాయి కలదు. ఎద్దు మూపురమువలె నుండుటచే ఆ కొండలకు ఆ పేరు వచ్చినదందురు. ఆ రాతిని విశాఖ రేవునకు దింపి జపానుకు పంపుటకై, జపాను సహాయముతో ఈ దారి ఏర్పడినది. మార్గమందంతటను 58 సొరంగములు గలవు.

అన్ని సొరంగము లెందుకు? నున్నని ఇనుపపట్టామీద నున్నని ఇనుపచక్రము నిట్టనిలువుగా ఎక్కజాలదు, జారిపోవును. నిండుబిందె ఎత్తుకొని గట్టెక్కు ఇల్లాలు ఏటవాలు దారి పట్టునట్లే, రైలును కొండను చుట్టుచు, అడ్డము వచ్చిన రాతిని తొలుచుకొని, లోయలను వంతెనలతో దాటుచు, కొద్దికొద్దిగా పైకి పోవలెను. మన నీలగిరి రైలు మెట్టుపాళెము దాటిన పిమ్మట పట్టాల నడుమ నొక పండ్లకమ్మిని పట్టుకొని ఎక్కును. స్విట్జర్లాండునుండి ఇటలీకి పోవు బెర్నీనా రైలు 1910లో పూర్తియైనది. అది పండ్లకమ్మి లేకయే 2,253 మీటర్ల ఎత్తున ఆల్ప్స్ పర్వతములను దాటుచున్నది. ఈ రెండింటిని యునెస్కోవారు లోకవారసత్వములలో చేర్చిరి. అవి ముఖ్యముగా మనుష్యులకొరకు వేసినవి. మన దారి రాతికొరకు వేసినది. మనము దానివెంట పోవుచున్నాము.

ఉదయమున బయలుదేరిన బండి శృంగవరపుకోట దాటి, బొడ్డవర విడిచినంతనే కొండ నెక్కసాగినది. మేము సంజయుని పని ఆరంభించితిమి. “అత్తయ్యా, ఎడమ ప్రక్క లోయ, అడుగున వరిమళ్లు, దూరమున మన బండి ముందుభాగమే వంకరలో కనబడుచున్నది” అని చెప్పుచుంటిమి. ఆమె తల యూపుచుండిరి. సొరంగమున ప్రవేశించినంతనే బండిచప్పుడు గుండెలమీద పడినట్లయి, చల్లగాలి ముఖమున కొట్టెడిది. ఎనిమిదేండ్ల మా అమ్మాయి వ్రేళ్లతోను, మామ్మ చెవితోను సొరంగములు లెక్కపెట్టసాగిరి.

ఇక మా తప్పు చెప్పెదము. త్యాడ దాటిన పిమ్మట లోయ మిక్కిలి అందముగా నుండుటచే మేము చేతిఫోను తీసి బొమ్మలు పట్టుటలో మునిగితిమి. ఎంతసేపయినదో తెలియదు. తిరిగి చూతుము గదా, అత్తగారు మోము కిటికీవైపు త్రిప్పుకొని మౌనముగా కూర్చుండియుండిరి. అడుగలేదు, అలుగలేదు. మేము సిగ్గుపడితిమి. రెండు కన్నులు గలిగియు, చూచుట మాని దాచుటకు పూనుకొంటిమి గదా!

ఒక స్టేషనులో దిగువకు పోవు ఇనుపరాతి బండికై మా బండి నిలిచినది. ఒక కొండ ఆడుబిడ్డ సీతాఫలముల బుట్టతో కిటికీయొద్దకు వచ్చినది. ఆమె ముక్కుపోగులను చూచి ఎవరో ఫోను లెత్తిరి. ఆమె కొంగు ముఖమున కడ్డము పెట్టుకొనెను. మా చేతనున్న ఫోనును మేము ఒడిలో దాచుకొంటిమి. అత్తగారికి ఇవేమియు కానరావు. ఆమె చేయి చాచి, “అమ్మా, ఈ యేడు వానలెట్లున్నవి? పిల్లలెందరు?” అని యడిగిరి. ఆమె కొంగు దించి ఇద్దరనెను. అత్తగారు వ్రేళ్లతో తడవి పండ్లేరుచుండగా, ఆమె తానే మాగినవానిని ఒక్కొక్కటిగా ఆమె చేతిలో పెట్టి, బండి కదలుచుండగా మరియొకటి కొసరు వేసెను.

బొర్రాగుహలను ఈసారి చూడలేదు. మెట్లు దిగుట అత్తగారికి కష్టము. ఆవు బిలమున పడుటయు, గోస్థనీనది పేరును గూర్చిన కథను ఆమెయే మా అమ్మాయికి చెప్పిరి. పిమ్మట శిమిలిగుడ వచ్చినది. ఎత్తు 996 మీటర్లు. కాశ్మీరమునకు బ్రాడ్‌గేజి రాకమునుపు దేశమందలి బ్రాడ్‌గేజి స్టేషన్లలో నిదియే ఎత్తయినదని ప్రసిద్ధి. అత్తగారు శాలువ కప్పుకొని, “ఇక్కడ గాలి మన ఊరి మాఘమాసపు గాలి” అనిరి.

ఒక్క మాట. కొండదారి అందముగా నున్నదనునపుడు, దానిని తొలిచిన చేతులను మరువరాదు. మా మన్యమున 1922లో లేచిన పోరునకు, పోడు నడ్డగించిన అటవీచట్టములతోపాటు, కొండదారులు వేయుటకు గిరిజనులచే చాలీచాలని కూలికి చేయించిన వెట్టియు కారణము. అల్లూరి సీతారామరాజుగారి జీవితము 1924 మే 7న మా కొయ్యూరిలోనే ముగిసినది. అందువలన ఏ దారి నెక్కినను, దీనికి రాళ్లు మోసిన దెవరను ప్రశ్న మా ఊరివారికి సహజము.

పోదలచిన సోదరీమణులకు రెండు మాటలు. పండుగదినములలో చోటు దొరకదు గనుక ముందుగనే టిక్కెట్లు తీసికొనుడు. శాలువలు, ఇంటి పులిహోర వెంట నుంచుకొనుడు. పిల్లలను ద్వారమునొద్ద నిలువనీయకుడు. పెద్దలను “మీకేమి కనబడును” అని ఇంట విడువకుడు.

అరకు చేరునప్పటికి అమ్మాయి లెక్కకును మామ్మ లెక్కకును రెండు సొరంగములు తేడా వచ్చినవి. ఆ తగవు నేటికిని తీరలేదు. కార్తికమున కన్నులు వచ్చినచో మరల రైలెక్కి, తన లెక్కయు, కోడలు చెప్పిన మాటలును నిజమో కాదో చూచెదనని అత్తగారు అనుచున్నారు. మేమును ఆ పరీక్షకే ఎదురుచూచుచున్నాము.