షుగరు పొడి మన సంతలో వద్దు



వారం వారం సంతలో మైకు పెట్టి మరీ అమ్ముతున్నారు. నేరేడు గింజలు, కాకర, పొడపత్రి కలిపిన పొడి అట. ఒక్క మండలం వాడితే షుగరు మాయమట, ఆపై మాత్రలు మానెయ్యొచ్చట! ఈమధ్య దానికి ‘యాంటీ ఆక్సిడెంట్’ అన్న మాట కూడా తగిలించారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లమందికి షుగరుంది. ఈ బేరం ఎందుకు సాగుతోందో వేరే చెప్పాలా?

‘యాంటీ ఆక్సిడెంట్’ అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. రక్తంలో చక్కెర పెరిగేకొద్దీ కణాల్లో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. కంట్లో, కిడ్నీల్లో ఉండే సన్నని రక్తనాళాలు, పాదాల నరాలు పాడవడంలో వాటి పాత్ర ఉంది. వాటిని అడ్డుకునే పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. అవి ఉసిరిలో, కరివేపాకులో, పసుపులో, ఆకుకూరల్లో ఉన్నాయి. మెంతుల పని వేరు. రాత్రి నానేసిన మెంతుల్ని తెల్లారి వేళ్లతో నలపండి, జిగురు సాగుతుంది. ఆ జిగురు పీచే తిన్న అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరకుండా నెమ్మదింపజేస్తుంది. అందుకే అన్నం తగ్గించి కాకరకాయ కూర, మెంతికూర పప్పు ఎక్కువ వేసుకోండని మేమే చెబుతున్నాం.

మేలు చేసే తిండి వేరు, జబ్బు పోగొట్టే మందు వేరు. షుగరున్నవాళ్లు వేలల్లో పాల్గొన్న ‘హోప్’ పరిశోధనలో ఏళ్ల తరబడి విటమిన్ ఇ మాత్రలు ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదని 2000లో తేలింది. అదీ యాంటీ ఆక్సిడెంటే.

పొడిని నమ్మి ఇన్సులిన్ మానేస్తే టైప్ 1 షుగరున్న పిల్లలకు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మాత్రలు వేసుకుంటూ కాకర రసం దండిగా తాగితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు పట్టొచ్చు. ఇలాంటి పొడుల్లో గుట్టుగా ఇంగ్లీషు మందు కలిపిన సంగతి ల్యాబు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది.

షుగరు నయం చేస్తుందని మందుకు ప్రచారం చేయడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. గోడ మీద రాసినా, మైకులో అరిచినా ప్రచారమే. అడిగే నాథుడు లేకనే ఇదంతా సాగుతోంది.

అందుకే వచ్చే గ్రామసభకు అందరూ రండి. ఇలాంటి మందులకు చోటివ్వకూడదన్న షరతును సంత వేలంపాటలో చేర్చమని తీర్మానం చేయిద్దాం. మైకు మాటల్ని ఫోనులో రికార్డు చేసి, కొన్న పొట్లంతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు ఇద్దాం. అన్నం తగ్గించాలంటే వేరే ధాన్యం అందాలి కదా; రేషన్‌లో చిరుధాన్యాలూ ఇవ్వొచ్చని 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది. బియ్యంతోపాటు రాగులు, జొన్నలు కావాలని అదే సభలో అడుగుదాం. ముప్పై దాటినవాళ్లు ఆశా కార్యకర్తను అడిగి షుగరు పరీక్ష చేయించుకోండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూటా మానకండి.

ఇట్లు,
షుగరుతో బతుకుతున్న మీ ఊరివాళ్లం