తాళం వేయాల్సింది అమ్మాయిలకా?

ఏ కాలేజీలో ఏ గొడవ జరిగినా మన ఆడవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ఒకటే. "అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికే మూసేయాలి!" మా కురబలకోట మండలంలో అంగళ్లు ఇంజనీరింగ్ కాలేజీలకు ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి చదువుకుంటున్నారు. ఇక్కడా ఇదే మాట. నాకిది మింగుడుపడదు.

2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి హాస్టల్లోనే ప్రాణం తీసుకుంది. సీనియర్లు వేధించారని కేసు నడిచింది, 2024లో కోర్టు కొట్టేసింది. అదే ఏడాది ఆగస్టులో గుడ్లవల్లేరు కాలేజీ హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో అమ్మాయిలు రాత్రిపూట సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదన్నారు పోలీసులు. సరే, దొరకలేదు. కానీ పిల్లల భయం అబద్ధమా? రెండుచోట్లా భయం పుట్టింది గేటు లోపలే. బయట తాళం వేసి ఏం లాభం?

భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో అమ్మాయిలకు వివక్షతో కూడిన నిబంధనలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీలో, విషయం విద్యార్థులదైతే, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలనీ ఉంది. ఎంతమంది తల్లులకు ఈ సంగతి తెలుసు?

ఇక పోలీసులు. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు మహిళా సంరక్షణ కార్యదర్శులు వచ్చారు. మనం మహిళా పోలీసులంటున్నది వాళ్ళనే. 2025లో శక్తి యాప్ వచ్చింది. ఆపదలో యాప్ కావాల్సిందే. అయితే బస్టాపులో రోజూ వెంటపడేవాడు ఎవరి కొడుకో యాప్‌కు తెలియదు. టీకొట్టు అక్కకు తెలుసు, ఆటో అన్నకు తెలుసు. మహిళా పోలీసు నెలకోసారైనా వీళ్ళనీ, వార్డెన్లనీ, విద్యార్థినులనీ కలిసి మాట్లాడితే సగం గొడవలు మొగ్గలోనే ఆగుతాయి. ఆ వెంటపడేవాడి తల్లి కూడా మనలో ఒకతే. గేటు ముందు మూయాల్సింది వాడి ముందు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, భయంతో పిల్ల చదువు మాన్పించకండి. అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ఫీజెంత, భోజనమెలా, ఉద్యోగాలొస్తాయా అని అడుగుతాం కదా? ఈసారి ఇంకో రెండు అడగండి: ఫిర్యాదుల కమిటీలో ఉన్న విద్యార్థులెవరు? ఈ ఊరి మహిళా పోలీసు ఫోన్ నంబరెంత? జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.