నీళ్ళు స్కూటరెక్కాయి

మా నల్గొండ జిల్లా నీళ్ళ బాధ వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, నడుము వంగినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. నా చిన్నతనంలో మంచినీళ్ళ బావి ఊరికి మైలు దూరం. మా అమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో రోజూ నాలుగు సార్లు తిరిగేది. బాపు అరుగు మీద కూర్చుని, "తొవ్వల ఎవరితోనన్న ముచ్చట పెట్టినవా, గింతసేపాయె?" అనేవాడు. మగవాడు బిందె ఎత్తుకుంటే నలుగురూ నవ్విపోరూ!

తరువాత ఇరవై లీటర్ల డబ్బాలొచ్చాయి. వాటిని స్కూటరు మీద తేవాలి. చిత్రం చూడండి, ఆనాటి నుంచి నీళ్ళు తేవడం మగపని అయిపోయింది! మావారు డబ్బా దించి, దండయాత్ర నుంచి తిరిగొచ్చినట్టు "చాయ్ పెట్టు" అంటారు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పుణ్యమా అని నల్లా ఇంట్లోకే వచ్చింది. ఆ నల్లా కింద బిందె పెట్టడం మళ్ళీ నా వంతే.

అంటే బరువు పని మగవాళ్ళది, తేలిక పని మనదీ అన్నమాట ఒట్టిదే కదా. చక్రాలున్న పని, డబ్బులొచ్చే పని వాళ్ళది. పెళ్ళిలో వెయ్యిమందికి వండేది మగవాళ్ళేనాయె! గరిటె పట్టడం రాకనా?

"ఉద్యోగం లేని ఆడది ఇంటిపని చేస్తే తప్పేమిటి?" అంటారు పెద్దమనుషులు. మా అత్తగారిది పాలమూరు వైపు. అక్కడి నుంచి మట్టిపనికి వలసపోయే జంటలను చూడండి. పగలంతా ఇద్దరూ చెమటోడుస్తారు. పొద్దుగూకి గుడిసెకు రాగానే ఆయన బీడీ ముట్టిస్తాడు, ఆమె పొయ్యి ముట్టిస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో కాల వినియోగ సర్వే చేసింది. ఇంటిపని ముట్టుకునేవాళ్ళనే లెక్కేసినా ఆడవాళ్ళకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళకు 97. 2024లో మళ్ళీ చూస్తే మనకు 289, వాళ్ళకు 88. మనకు పది నిమిషాలు తగ్గేసరికి వాళ్ళూ తొమ్మిది తగ్గించేసుకున్నారు, పాపం!

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో, ఇల్లాలి చాకిరీకీ ఆదాయం లెక్కకట్టాలంది. మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణ వివరంగా రాశారు. సంతోషమే. కానీ ఆ లెక్క కట్టించుకోవడానికి ఆమె చచ్చిపోవాలా?

మనమూ తక్కువ తినలేదు లెండి. "నువ్వు లేవకురా, చెల్లె తీస్తది" అని కొడుకు ఎంగిలికంచం కూతురితో ఎత్తించింది నేనే. కూతురు ఒకనాడు నా మొహాన్నే చూస్తూ, ఏమీ అనకుండా ఎత్తింది. ఆ చూపు నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మొన్న ఆదివారం బోళ్ళు కొడుకుతో తోమించాను. "మగపిలగానితోని బోళ్ళు తోమిస్తవా?" అని మా అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మనవడు తోమిన గ్లాసులోనే చాయ్ తాగి, "అడుగుకు సబ్బున్నది, మంచిగ కడుగుమను" అంది.