కౌగిలించుకునే బొమ్మ, కరిచే గేమ్

నీలి బొచ్చు, పొడవాటి చేతులు, ఎర్రటి పెదాలు. హగ్గీ వగ్గీని చూస్తే పిల్లలకు కౌగిలించుకోవాలనిపిస్తుంది. 2021 అక్టోబరులో వచ్చిన ‘పాపీ ప్లేటైమ్’ గేమ్‌లో, మూతబడ్డ బొమ్మల ఫ్యాక్టరీలో మనల్ని వెంటాడి చంపేది అదే.

మొదటి భాగం గంటలోపే అయిపోతుందన్న విమర్శ న్యాయమైనదే. కానీ గాలిగొట్టాల్లో సాగే ఆ ఛేజ్‌ను తీసిపారేయలేం. ఎన్‌ఎఫ్‌టీల అమ్మకానికి దిగినందుకు మాత్రం నిర్మాణ సంస్థ మాబ్ ఎంటర్‌టైన్‌మెంట్ తిట్లు తినాల్సిందే, తిన్నది కూడా.

2022లో బ్రిటన్‌లో డోర్సెట్ పోలీసులు తల్లిదండ్రులను హెచ్చరించారు. అప్పుడు అందరినీ కలవరపెట్టిన పాట గేమ్‌లోది కాదు, అభిమానులు కట్టింది.

బస్తర్‌లాంటి చోట చిక్కు వేరు. జగదల్‌పూర్ దసరా సంతలో ఇలాంటి బొమ్మ కొనే తల్లికి దాని వెనకున్న గేమ్ సంగతి ఎవరు చెబుతారు? 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. అది చూసేది చిన్న ముక్క ఊడి గొంతుకు అడ్డుపడుతుందా, రంగులో సీసం ఉందా అని. గేమ్‌లకేమో సినిమాలకున్నట్టు సెన్సార్ బోర్డు లేదు. పైగా చాలామంది పిల్లలు దీన్ని ఆడి కాదు, యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూసి ఎరుగుదురు. బొమ్మను లాక్కునే ముందు అమ్మానాన్నలు చూడాల్సింది తమ ఫోన్‌లోని యూట్యూబ్ హిస్టరీని.