మూడో అధ్యాయం, పదహారో వచనం

డొనాల్డ్ కనూత్ బైబిలు చదివిన తీరు వింటే పాస్టర్లు తల పట్టుకుంటారు, నాస్తికులు నవ్వుతారు. ప్రతి గ్రంథంలోనూ మూడో అధ్యాయం పదహారో వచనం తీసుకోవాలి, దాన్నే తవ్వాలి. బస్తాలోంచి గుప్పెడు తీసి ధాన్యం నాణ్యం చెప్పడం లాంటిదే. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ చెప్పిన ఆచార్యుడు, 1974లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి, గణాంకశాస్త్రపు శాంపిలింగును తన లూథరన్ చర్చిలో బైబిలు తరగతికి పట్టుకెళ్లారు.

59 వచనాలు తేలాయి. ఒక్కోదాని మీద దొరికిన వ్యాఖ్యానాలు చదివి, అనువాదం తనే చేసుకుని, అక్షరశిల్పి హెర్మన్ జాఫ్ తోడ్పాటుతో పేరున్న లిపి కళాకారుల చేత అందంగా రాయించి 1991లో పుస్తకం వేశారు. యోహాను సువార్తలోని వచనం క్రైస్తవుల్లో చాలామందికి కంఠతా వచ్చిందే, ఆ ఒక్కటైనా తగలాలనే ఆ అంకె ఎంచుకున్నారు. మిగతావాటిలో ఏది వస్తే అదే. ఆదికాండంలో హవ్వకు పడిన ప్రసవవేదన శాపం వచ్చింది, పురుషుడి ఏలుబడితో సహా. యెషయాలో కాళ్ల గజ్జెలు మోగించుకుంటూ నడిచే సీయోను స్త్రీల మీద విసుర్లు వచ్చాయి. దాటేయడానికి వీల్లేదు. ఏ మతంవాళ్లమైనా మన గ్రంథంలోంచి నచ్చిన ముక్క కోసుకుని మైకు ముందుకొస్తాం. ఈయన ఆ సౌకర్యాన్ని ముందే వదులుకున్నారు. నాకు నచ్చింది అదే.

రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో వాళ్లు నమూనా పట్టుకుని తిరుమల వెళ్లినప్పుడల్లా టీవీల్లో ఒకటే రగడ. శాస్త్రవేత్తకు దేవుడేమిటని ఒకరు, శాస్త్రవేత్తలే మొక్కారు చూశారా అని ఇంకొకరు. ఇద్దరికీ కావలసింది సాక్షి. కనూత్ ఆ పనికి బొత్తిగా పనికిరారు. 1999లో ఎం.ఐ.టి.లో తన విశ్వాసం గురించి వరస ఉపన్యాసాలు ఇచ్చారు గానీ, దేవుడున్నాడని రుజువు చేసే పని పెట్టుకోలేదు.

సరదాలకూ కొదవ లేదు. మిల్వాకీలో తండ్రి లూథరన్ బడి మాస్టారు. చర్చిలో ఆర్గన్ వాయించేవారు, చిన్న అచ్చుపని కూడా నడిపేవారు. మూడు పిచ్చిలూ కొడుక్కి దిగాయి. కనూత్ ఇంట్లో ఏకంగా పైపుల ఆర్గన్ కట్టించుకున్నారు. బైబిలు చివరిదైన ప్రకటన గ్రంథం ఆధారంగా ఆయన కూర్చిన సంగీతం ఆయన 80వ పుట్టినరోజున, 2018 జనవరి 10న, స్వీడన్‌లోని పీటియోలో తొలిసారి వినిపించింది.

అచ్చు పిచ్చి ఇంకా ఖరీదైంది. 1977లో తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ పుస్తకం ప్రూఫులు వికారంగా వచ్చాయని రాస్తున్న సంపుటాన్ని పక్కన పెట్టి, అక్షరాలు కూర్చే ‘టెక్’ ప్రోగ్రాము మొదలెట్టారు. త్వరలోనే అయిపోతుందనుకున్నది పదేళ్లు మింగింది. దాన్ని సవరించినప్పుడల్లా వెర్షన్ నంబరుకు ‘పై’ విలువలోని మరో అంకె చేరుతుంది. తాను పోయాక నంబరు ‘పై’ అయిపోవాలట, అప్పటికి మిగిలిన తప్పులు ఇక తప్పులు కావట! పుస్తకంలో తప్పు పట్టినవారికి మాత్రం 2008 దాకా 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. చాలామంది దాన్ని మార్చుకోకుండా ఫ్రేము కట్టించుకున్నారు.

ఏడు సంపుటాలుగా తలపెట్టిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’లో మొదటిది 1968లో వచ్చింది. నాలుగోదే ఇంకా ముక్కలుగా వస్తోంది. ఆర్గన్లూ అక్షరాలూ మానేసి ఉంటే ఈపాటికి పూర్తయ్యేది కదా అని వాపోయే గణితజ్ఞులున్నారు. వాళ్లు తమ పరిశోధనా పత్రాలు కూర్చుకునేది మాత్రం టెక్‌లోనే.