ఫొటోలకు అడ్రసు ఉందా?

పోయినేడాది నాన్నమ్మ సంవత్సరీకానికి ఫ్రేము కట్టించాలని కంప్యూటర్ తెరిస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 'ఫైలు దొరకలేదు' అంది. తప్పు నాదే. చోటు చాలక ఫోల్డర్లను వేరే డిస్కులోకి మార్చేశా. క్యాటలాగ్ పద్ధతిలో ఫొటో ఒకచోట ఉంటుంది. దాని అడ్రసూ, మనం చేసిన మార్పులూ మరోచోట ఉంటాయి. చెప్పకుండా ఇల్లు మారితే ఉత్తరం చేరుతుందా?

వేలల్లో ఫొటోలు తీసే వృత్తి నిపుణులకు క్యాటలాగ్ మంచిదే. ఇంటి ఫొటోలకు మాత్రం ఫోల్డర్లు చాలు. '2024-05-12 అక్క గృహప్రవేశం'... ఇలా ఏడాది, నెల, తేదీతో పేరు పెడితే అవే వరుసగా సర్దుకుంటాయి. కార్డులోంచి కాపీ చేయగానే మసకగా వచ్చినవి తీసేయండి. మిగిలినవాటిని అడోబ్ బ్రిడ్జ్ లాంటి వాటిలో ఫోల్డర్ నుంచే నేరుగా తెరవొచ్చు. రా ఫార్మాట్ ఫొటోలకు చేసిన మార్పులు సాధారణంగా పక్కనే చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్లో ఉంటాయి. ఎక్కడికి మార్చినా రెండింటినీ కలిపే మార్చాలి. మరో డిస్కులో ఇంకో కాపీ తప్పనిసరి.

అన్నట్టు, నాన్నమ్మ ఆ రాత్రే దొరికింది. అప్పటికి ఫ్రేముల షాపు మూసేశారు!