ముహూర్తం సరే, వేదిక ఎవరిష్టం?

మాఘమాసం వచ్చిందని మా గోల్నాకలో పంచాంగం చూసి తెలుసుకోనక్కర్లేదు, రోడ్డు చూస్తే చాలు. 2025లో అంబర్‌పేట ఫ్లైఓవర్ మొదలైనా, బరాత్ కదిలిందంటే కింద ఆటోలు ఆగాల్సిందే. తార్నాక వైపు వెళ్లినా అదే సందడి. ఇన్ని పెళ్లిళ్లు చూస్తుంటే నాకొక సందేహం వస్తుంది. ఈ హాలును ఎంచుకున్నదెవరు? పెళ్లి చేసుకుంటున్న ఆ ఇద్దరేనా?

చాలా ఇళ్లల్లో కాదు. చీర రంగు పిల్లనడుగుతారు, సూటు రంగు పిల్లవాణ్ణడుగుతారు. హాలు మాట మాత్రం పెద్దవాళ్లు తేల్చేస్తారు. మనలో చాలామందికి పెళ్లంటే ఆడపిల్లవారింట జరిగేది. వాకిట్లో పందిరి వేస్తే చుట్టుపక్కలవాళ్లు వచ్చి తలో చెయ్యి వేసేవారు. ఆ పందిరి నగరంలో ఫంక్షన్ హాలయింది. చెయ్యి వేసేవాళ్లు పోయారు, ఖర్చు మాత్రం ఆడపిల్లవారి నెత్తినే మిగిలింది.

మా పక్కింటావిడ కూతురికి సంబంధం కుదిరింది. ‘‘కట్నం వద్దన్నరక్కా. పెళ్లి మాత్రం ఏసీ హాల్ల చేయాలె, వెయ్యిమందికి తక్కువ కావద్దన్నరు. కట్నమే వద్దన్నోళ్లకు ఆ మాత్రం చేయకుంటే ఎట్ల?’’ అంటుందామె.

కిటుకంతా ఇక్కడే ఉంది చూడండి. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. కట్నం అడిగితే నేరమని అందరికీ తెలుసు. కానీ హాలు అద్దె పెళ్లికొడుకు చేతికి వెళ్లదు. రశీదు హాలు పేరున ఉంటుంది. అందుకే అది ఎవరికీ కట్నంలా కనిపించదు. తీర్చాల్సిన అప్పు మాత్రం అచ్చం కట్నం అప్పులాగే ఉంటుంది. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద ఇచ్చే సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2018లో 1,00,116 రూపాయలకు పెంచింది. పేదింటి పిల్లకొచ్చే ఆ డబ్బు కొత్త కాపురానికి అక్కరకు రావాలా, ఒక్కపూట అద్దెకూ లైట్లకూ పోవాలా?

చట్టం హాలు అడగదు

పెళ్లి పాటలకూ డ్యాన్సులకూ, విందు వినోదాలకూ వేడుక కాదని సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పులో చెప్పింది. హిందూ వివాహ చట్టం కింద చెల్లాలంటే ఆచారం ప్రకారం క్రతువు జరగాలని, అది లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదని కూడా అదే తీర్పులో ఉంది. 1955 నాటి ఆ చట్టం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం పాటించమంటుంది గానీ, ఫలానా చోటే చేయమనదు. మేడ మీద చేసినా, గుళ్లో చేసినా పెళ్లి పెళ్లే.

క్యాంపస్‌లో చదువుకుంటూ పరిచయమై, వేరువేరు కులాల్లోంచో మతాల్లోంచో వచ్చి ఒకటవుదామనుకునే జంటలుంటాయి. వాళ్లకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసిచ్చాక అభ్యంతరాలకు 30 రోజుల గడువు. నోటీసిచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే. అందుకని ఈ లెక్క చూసుకున్నాకే హాలుకు అడ్వాన్సివ్వండి. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఈ పెళ్లి ఆఫీసులోనే జరగాలని లేదు. అదనపు ఫీజు కడితే, వివాహ అధికారి సమక్షంలో, ముగ్గురు సాక్షుల ముందు, దగ్గర్లో మీకు నచ్చిన చోట చేసుకోవచ్చు.

ఎవరు రావాలో ముందు

వేదిక చూసే ముందు పిలుపుల జాబితా రాసుకోవాలి. మనం చేసేది తిరగేసి. వెయ్యిమంది పట్టే హాలు తీసుకుని, అది నిండాలని వెయ్యిమందిని పిలుస్తాం. 2020 మే నెలలో కరోనా వల్ల పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు. ఆ పెళ్లిళ్లు పెళ్లిళ్లు కాకుండా పోలేదే!

తార్నాకలాంటి చోట ఒక సుఖముంది. సికింద్రాబాద్‌లో రైలు దిగిన చుట్టాలకు దగ్గర, మెట్రో కూడా ఉంది. ముసలివాళ్లకు మెట్లెక్కే బాధ ఉందా, నీళ్లు, మరుగుదొడ్లు సరిగ్గా ఉన్నాయా, జనరేటర్, శుభ్రత ఖర్చులు, జీఎస్టీ అద్దెలో కలిసే ఉన్నాయా, తేదీ మారితే అడ్వాన్సు ఎంత తిరిగొస్తుంది? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా మైకులు పెట్టకూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. అర్ధరాత్రి ముహూర్తమైతే ఆ సంగతీ ఆలోచించుకోవాలి.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం చేయించింది తన ఇంట్లోనే. ఊరు ఎదురు తిరిగినా ఆ పెళ్లి ఆగలేదు. ఈరోజుకీ మనం దాన్ని తలుచుకునేది ఆ ఇల్లు పెద్దదని కాదు కదా!

అందుకే హాలుకు అడ్వాన్సిచ్చేముందు అమ్మాయినీ అబ్బాయినీ కూర్చోబెట్టి మూడు మాటలడగండి. మీ పెళ్లిలో ఎవరుంటే మీకు సంతోషం? ఖర్చు రెండు వైపులా ఎలా పంచుకుందాం? ఈ అప్పు తీరడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఈ మూడింటికీ వాళ్లిద్దరూ జవాబు చెబితే, వేదిక ఏదో దానంతటదే తేలిపోతుంది. రెండో ప్రశ్నకు అబ్బాయి మాట్లాడకుండా వాళ్ల నాన్న వైపు చూశాడనుకోండి, అప్పుడు మళ్లీ ఆలోచించాల్సింది హాలు గురించి కాదు!